పాత బైక్ హెడ్‌లైట్ అప్‌గ్రేడ్: ల్యూమెన్ల కంటే ముందు వోల్టేజ్ చూడండి

ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెల్స్ ఒక్కటే చూసి కొనే రోజులు పోయాయి. సెన్సర్ సైజు ఎంత, ఓఐఎస్ ఉందా, చీకట్లో ఫొటో ఎలా వస్తోంది అని అడుగుతున్నాం. కానీ బైక్‌కి హెడ్‌లైట్ బల్బు కొనాల్సి వస్తే మాత్రం మళ్లీ పదేళ్లు వెనక్కి పోతాం. బాక్సు మీద ఏ నంబరు పెద్దగా ఉంటే అది కార్టులో పడిపోతుంది. 16000 ల్యూమెన్స్, 6500 కెల్విన్, ప్లగ్ అండ్ ప్లే, ఫ్రీ డెలివరీ. అయిపోయింది.

ఈ ఆర్టికల్‌కి టెస్ట్ యూనిట్ మా నాన్న బండి. 2008 మోడల్ హీరో హోండా స్ప్లెండర్ ప్లస్. మాది గోదావరి జిల్లాల వైపు పల్లెటూరు. నాన్న టౌన్‌లో షాపు కట్టేసి రాత్రి తొమ్మిదిన్నరకి బయల్దేరి కాలవగట్టు రోడ్డు మీద 14 కిలోమీటర్లు వస్తారు. వీధి లైట్లు లేవు. ఒకపక్క కాలవ. కోతల టైమ్‌లో అయితే సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పెడతారు. వెనక ఎర్ర లైటు లేని ట్రాక్టర్ ట్రక్కులు సరేసరి. నాన్న ఫోన్‌లో అన్నది ఒక్క మాటే: "ఎదురుగా లైటు పడితే రాళ్లు కనపడట్లేదురా, ఆ ఎల్ఈడీ ఏదో మంచిది చూసి పంపు." పంపడం రెండు నిమిషాల పని. కానీ ఆయనకి కావాల్సింది కాంతి కాదు, రాయి కనపడటం. ఆ రెండూ ఒకటి కాదు కాబట్టి వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని, మల్టీమీటర్ బ్యాగ్‌లో వేసుకుని ఊరెళ్లా.

బాక్సు మీద నంబర్ల సంగతి

ముందు ఆ 16000 ల్యూమెన్ల లెక్క తేల్చేద్దాం. నేను చూసిన ఒక లిస్టింగ్‌లో ఒక్క బల్బుకి 20 వాట్లు, 16000 ల్యూమెన్లు అని ఉంది. అంటే వాట్‌కి 800 ల్యూమెన్లు. ఫిజిక్స్ ప్రకారం, మన కంటికి బాగా కనిపించే పచ్చరంగు కాంతినే 100 శాతం ఎఫిషియెన్సీతో తయారు చేసినా వాట్‌కి 683 ల్యూమెన్లకి మించి రావు. తెల్ల కాంతికి ఆ లిమిట్ ఇంకా చాలా తక్కువ. మార్కెట్లో దొరికే మామూలు ఎల్ఈడీ బల్బు వాట్‌కి 100 అటూ ఇటూ ఇస్తే గొప్పే. కాబట్టి ఆ 20 వాట్ల బల్బు నిజంగా ఇచ్చేది 2000 దగ్గర్లో ఆగుతుంది. పేరు తెలీని కంపెనీ పవర్ బ్యాంక్ మీద 50000 ఎంఏహెచ్ అని రాసుంటే ఎలా నవ్వుకుంటామో, దీనికీ అలాగే నవ్వుకోవచ్చు.

మరి కంపెనీ బల్బు ఎంత ఇస్తుంది? నాన్న బండిలో ఉన్నది హెచ్ఎస్1 అనే హాలోజన్, 12 వోల్టులు, 35/35 వాట్లు. స్టాండర్డ్ ప్రకారం 13.2 వోల్టుల దగ్గర హై బీమ్‌కి 825, లో బీమ్‌కి 525 ల్యూమెన్లు. బుల్లెట్ లాంటి బళ్లలో వచ్చే హెచ్4, అంటే 60/55 వాట్ల బల్బు, అదే వోల్టేజ్ దగ్గర 1650, 1000 ఇస్తుంది. రెండింటికీ కొంత అటూ ఇటూ టాలరెన్స్ ఉంటుంది.

ఇక్కడ ఇంకో చిన్న లెక్క ఉంది. కాంతి దూరం వర్గంతో తగ్గుతుంది. అంటే రెట్టింపు దూరం కనపడాలంటే నాలుగింతల కాంతి కావాలి. 525 నుంచి 1000 ల్యూమెన్లకి వెళ్తే, మిగతావన్నీ అలాగే ఉంటే, చూపు పెరిగేది సుమారు 1.4 రెట్లు మాత్రమే. బల్బు డబుల్ చేశాం కదా, డబుల్ కనిపిస్తుంది అనుకోవద్దు.

పై వాక్యంలో "13.2 వోల్టుల దగ్గర" అన్న ముక్కని గుర్తు పెట్టుకోండి. మొత్తం కథ దాని చుట్టూనే తిరుగుతుంది.

మీ బండి ఏసీనా, డీసీనా?

కొత్త బళ్లలో హెడ్‌లైట్‌కి కరెంటు బ్యాటరీ నుంచి వస్తుంది, అది డీసీ. పాత కమ్యూటర్ బైకుల్లో చాలావాటికి అలా కాదు. ఇంజిన్‌కి అంటుకుని ఉండే మాగ్నెటో తయారు చేసే ఏసీ కరెంటు, రెగ్యులేటర్ మీదుగా నేరుగా హెడ్‌లైట్‌కి వస్తుంది. బ్యాటరీ హారన్‌కీ, ఇండికేటర్లకీ, బ్రేక్ లైట్‌కీ మాత్రమే. అందుకే ఆ బళ్లలో బ్యాటరీ అంత చిన్నగా ఉంటుంది, అందుకే గేరు తగ్గించి స్లో చేసినప్పుడు లైటు ఎర్రగా మందగిస్తుంది, రేజ్ చేస్తే మళ్లీ తెల్లబడుతుంది.

తెలుసుకోవడం చాలా ఈజీ. ఇంజిన్ ఆపేసి, కీ ఆన్ చేసి, హెడ్‌లైట్ స్విచ్ వేయండి. వెలగకపోతే ఏసీ, వెలిగితే డీసీ. ఈ టెస్ట్ హెడ్‌లైట్‌కి ఆఫ్ స్విచ్ ఉన్న బళ్లకే పనికొస్తుంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలన్న రూల్ వచ్చింది కాబట్టి ఆ తర్వాతి బళ్లకి వైరింగ్ డయాగ్రామ్ చూసుకోవడం మంచిది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఏసీ బండిలో లైటింగ్ కాయిల్ ఇచ్చే పవర్‌కి ఒక హద్దు ఉంటుంది. 35 వాట్ల బల్బుని దృష్టిలో పెట్టుకుని చుట్టిన కాయిల్ మీద 60 వాట్ల బల్బు పెడితే అది 60 వాట్లు ఇవ్వదు. వోల్టేజ్ పడిపోతుంది, ఫిలమెంట్ కావాల్సినంత వేడెక్కదు, చివరికి పసుపు పచ్చటి దీపంలా వెలుగుతుంది. "పెద్ద బల్బు వేశా, ముందు కంటే డల్ అయింది" అని కొందరు చెప్పేది దీని గురించే. చవకరకం కేబుల్‌తో 67 వాట్ల ఫాస్ట్ ఛార్జర్ వాడినట్టు.

రెండు వోల్టులు ఎక్కడ పోయాయి

ఇప్పుడు అసలు విషయం. హాలోజన్ బల్బు కాంతి వోల్టేజ్‌తో మామూలుగా పెరగదు, తగ్గదు. సుమారుగా వోల్టేజ్ 3.4వ ఘాతంతో మారుతుంది. అంటే బల్బు దగ్గర వోల్టేజ్ 10 శాతం తగ్గితే కాంతి 10 శాతం కాదు, 30 శాతం తగ్గుతుంది. 20 శాతం తగ్గితే సగానికి పైగా పోతుంది. బండి పాతదయ్యే కొద్దీ స్విచ్‌లో కాంటాక్టులు నల్లబడతాయి, కనెక్టర్లు తుప్పు పడతాయి, ఎర్త్ వైర్ బోల్టు లూజ్ అవుతుంది. ఒక్కోచోట అర వోల్టు, ముప్పావు వోల్టు మాయమవుతూ ఉంటుంది. బల్బు మాత్రం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి మనకి అనుమానం రాదు. "బల్బు పాతదైంది" అనుకుంటాం.

మా ఊరి మెకానిక్ అన్న కూడా అదే అన్నాడు. "వైరింగ్ ఏం చూస్తావ్ తమ్ముడూ, ఎల్ఈడీ పెట్టేద్దాం, ఐదు నిమిషాల పని." మీటర్ పెట్టి చూశాక మాట్లాడదాం అన్నా అని ఆపా.

కొలిచే పద్ధతి ఇది. బల్బు తీసేసి హోల్డర్‌లో వోల్టేజ్ చూస్తే ఏమీ తెలీదు. కరెంటు పారకపోతే వైర్లో డ్రాప్ ఉండదు, కాబట్టి మీటర్ మంచి నంబరే చూపిస్తుంది. బల్బు వెలుగుతూ ఉండగానే, హోల్డర్ వెనక నుంచి ప్రోబ్ దూర్చి చూడాలి. హోండా వైరింగ్ కలర్ కోడ్‌లో నీలం హై బీమ్, తెలుపు లో బీమ్, పచ్చ ఎర్త్. మా బండి వైరింగ్‌లోనూ అవే రంగులు. ఏసీ బండి కాబట్టి మీటర్‌ని ఏసీ రేంజ్‌లో పెట్టి, ఇంజిన్ రేజ్ ఒకే దగ్గర స్థిరంగా పట్టుకోమని మెకానిక్ అన్నని అడిగా.

రెగ్యులేటర్ దగ్గర 12.6 వోల్టులు. బల్బు దగ్గర 10.6. దారిలో రెండు వోల్టులు గల్లంతు.

(ఒక టెక్నికల్ మాట: ఈ ఏసీ వేవ్‌ని రెగ్యులేటర్ కత్తిరించేస్తుంది కాబట్టి అది అందమైన సైన్ వేవ్ కాదు. ట్రూ ఆర్ఎంఎస్ లేని చవక మీటర్ చూపించే అంకె కచ్చితంగా ఉండదు. అయినా అదే మీటర్, అదే రేజ్ పెట్టి ముందూ వెనకా పోల్చుకోవడానికి అది చాలు.)

తర్వాత ఒక్కో ముక్కనీ విడివిడిగా చూశా. ఒక ప్రోబ్ స్విచ్‌లోకి వచ్చే వైర్ మీద, ఇంకోటి స్విచ్ నుంచి బయటికి పోయే వైర్ మీద పెడితే, మంచి స్విచ్ అయితే దాదాపు సున్నా రావాలి. ఇక్కడ 0.9 వచ్చింది. బల్బు ఎర్త్ పిన్‌కీ ఇంజిన్ బాడీకీ మధ్య 0.6. మిగిలిన అర వోల్టు కనెక్టర్లలోనూ వైర్ పొడవులోనూ. ఆ స్విచ్‌లో పోతున్న 0.9 వోల్టు ఊరికే పోదు. 2.7 ఆంపియర్ల దగ్గర అది సుమారు రెండున్నర వాట్ల వేడి. ప్లాస్టిక్ స్విచ్ లోపల రోజూ అంత వేడి తగిలితే ఏదో ఒక రాత్రి లైటు పూర్తిగా ఆరిపోతుంది, అదీ కరెక్టుగా కాలవ మలుపులోనే.

రిపేరులో పెద్ద విద్యేం లేదు. హ్యాండిల్ స్విచ్ విప్పి, కాంటాక్టులని సన్న ఎమరీ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టాం. ఎర్త్ బోల్టు కింద పెయింట్, తుప్పు గీకి, కొత్త రింగ్ టెర్మినల్ వేశాం. బల్బు హోల్డర్ ప్లాస్టిక్ ఒక కాలు దగ్గర గోధుమరంగుకి తిరిగింది, అంటే అక్కడా వేడెక్కుతోందన్నమాట, అది మార్చేశాం. గంటన్నర పని. మళ్లీ మీటర్ పెడితే బల్బు దగ్గర 12.1 వోల్టులు.

10.6 నుంచి 12.1. నంబరు చిన్నదే. కానీ 3.4వ ఘాతం వేసి చూస్తే కాంతి సుమారు 1.57 రెట్లు అవ్వాలి. బల్బు ఇంకా అదే పాతది. ఒక్క రూపాయి పెట్టి బల్బు కొనకముందే 50 శాతానికి పైగా అప్‌గ్రేడ్ వచ్చేసింది. మెకానిక్ అన్న లైటుని గోడ మీద వేసి చూసి, ఏమీ అనకుండా, పక్కన రిపేరుకి పెట్టిన ఇంకో స్ప్లెండర్ స్విచ్ విప్పడం మొదలుపెట్టాడు.

దీనికి రివర్స్ కూడా ఉంది. వోల్టేజ్ ఎక్కువైనా ప్రమాదమే. 5 శాతం పెరిగితే బల్బు ఆయుష్షు దాదాపు సగం అవుతుంది. మీ బండిలో బల్బులు నెలకొకటి మాడిపోతుంటే, టెయిల్ లైట్ కూడా తరచుగా పోతుంటే, బల్బు బ్రాండుని తిట్టకుండా రెగ్యులేటర్ చెక్ చేయించండి.

డూమ్ చూడకుండా బల్బు కొనొద్దు

బల్బు కాంతిని పుట్టిస్తుంది, రోడ్డు మీదికి పంపేది మాత్రం డూమ్. ఫోన్ భాషలో చెప్పాలంటే బల్బు సెన్సర్ అయితే డూమ్ లెన్స్. పదిహేనేళ్ల దుమ్ము, తేమ తగిలాక లోపలి వెండిరంగు పూత మసకబారుతుంది. బల్బు తీసి, ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూడండి. అద్దంలా మెరవకుండా బూడిదరంగులో ఉంటే ఎంత ఖరీదైన బల్బు పెట్టినా దండగే. ఆ పూతని గుడ్డతో తుడవొద్దు. అది చాలా పల్చటి అల్యూమినియం పొర, గుడ్డ తగిలితే గీతలు పడి ఉన్నది కూడా పోతుంది.

ముందు భాగం ప్లాస్టిక్ అయి పచ్చబడితే పాలిష్ చేసుకోవచ్చు. టూత్‌పేస్ట్ ట్రిక్ వీడియోకి బాగుంటుంది, యూవీ కోటింగ్ వేయకపోతే కొన్నాళ్లకి మళ్లీ మొదటికొస్తుంది. స్ప్లెండర్ లాంటి బండికి ఒరిజినల్ డూమ్ కొన్ని వందల్లో దొరుకుతుంది కాబట్టి నేను పాలిష్ జోలికి పోకుండా మార్చేశా. ఈ ఖర్చుకి ఇంత తేడా ఇచ్చేది ఇంకోటి లేదు. లోకల్ డూమ్ తీసుకుంటే మాత్రం లోపలి రిఫ్లెక్టర్ షేప్ సరిగ్గా ఉంటుందన్న గ్యారంటీ లేదు, అక్కడ వంద మిగుల్చుకోవద్దు.

ఏ బల్బు?

ముందు బేస్. హెచ్ఎస్1కీ హెచ్4కీ మూడేసి కాళ్లుంటాయి, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ వాటి బేస్‌లు వేరు, ఒకదాని మీద పీఎక్స్43టీ అని, ఇంకోదాని మీద పీ43టీ అని ఉంటుంది. ఒకదాని బదులు ఇంకోటి పెట్టకూడదనే అలా వేరు చేశారు. షాపులో "ఆకురాయితో కాస్త అరగదీస్తే కూర్చుంటుంది" అంటే దండం పెట్టి వచ్చేయండి. ఇంకా పాత బళ్లలో నొక్కి తిప్పే టైపు బల్బులు వస్తాయి, అవి మళ్లీ వేరే. పాతది విప్పి చేతిలో పట్టుకుని వెళ్తే గొడవుండదు.

90/100 వాట్ల బల్బులు కూడా షాపుల్లో వేలాడుతూ ఉంటాయి. అవి ర్యాలీల కోసం. ప్లాస్టిక్ డూమ్, సన్న వైరింగ్, చిన్న స్విచ్ ఉన్న మన బళ్లకి కాదు. ఏసీ బండికైతే అసలు అర్థమే లేదు.

బ్లూ కోటింగ్ ఉన్న "వైట్" హాలోజన్లు నాకు అస్సలు నచ్చవు. ఆ నీలం పూత కొత్తగా తెల్లకాంతిని తయారు చేయదు, పుట్టిన కాంతిలోంచి పసుపు, ఎరుపు వైపు ఉన్నదాన్ని ఆపేస్తుంది. అంటే డబ్బులు ఎక్కువిచ్చి తక్కువ కాంతి కొంటున్నాం.

"ప్లస్ 30 శాతం", "ప్లస్ 50 శాతం" అని మంచి బ్రాండ్ల మీద కూడా ఉంటుంది. అది అబద్ధం కాదు, కానీ మొత్తం ల్యూమెన్లు అంత పెరిగాయని కాదు. చట్టం అడిగే కనీస కాంతితో పోలిస్తే, రోడ్డు మీద ఒకచోట అంత ఎక్కువ పడుతుందని. ఫిలమెంట్‌ని సన్నగా, మరింత కచ్చితంగా చుట్టి దాన్ని సాధిస్తారు, దానికి బదులుగా ఆయుష్షు కొంత తగ్గుతుంది. డిస్‌ప్లే "పీక్ బ్రైట్‌నెస్" ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

చివరికి నేను వేసింది మామూలు 35/35 హెచ్ఎస్1, పేరున్న కంపెనీది, రెండొందల లోపే. బిగించేటప్పుడు గాజుని వేళ్లతో ముట్టుకోకండి. వేలి నూనె అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. కాగితంతో పట్టుకుంటే చాలు.

మరి ఎల్ఈడీ ఎందుకు వద్దన్నా?

ఎల్ఈడీ టెక్నాలజీ మీద నాకేం కోపం లేదు. హాలోజన్ డూమ్‌లో ఎల్ఈడీ బల్బు దూర్చడం మీదే నా గొడవంతా.

హెచ్ఎస్1, హెచ్4 బల్బుల్లో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. బల్బుని వెలుతురులో పట్టుకుంటే కనిపిస్తుంది. ఆ గిన్నె కిందికి పోయే కాంతిని అడ్డుకుంటుంది, కాబట్టి లో బీమ్‌లో డూమ్ పైసగం మాత్రమే పనిచేసి కాంతి కిందికి, రోడ్డు మీదికి పడుతుంది. ఎదురొచ్చేవాడి కళ్లలోకి పోకుండా ఆపేది ఆ చిన్న ముక్కే. ఫిలమెంట్ ఉన్న చోటు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా బీమ్ మారిపోతుంది.

ఎల్ఈడీ బల్బులో సన్నని ఫిలమెంట్ లేదు. పట్టీకి అటూ ఇటూ అతికించిన చిప్స్ ఉంటాయి. ఫిలమెంట్ చుట్టూ 360 డిగ్రీలు కాంతి ఇస్తే, ఈ చిప్స్ ప్రధానంగా రెండు పక్కలకి ఇస్తాయి. డూమ్ మాత్రం ఫిలమెంట్ కోసం గీసింది. ఫలితం ఏంటంటే, బండి ముందు పది మీటర్లలో తెల్లటి వెలుగు గుమ్మరిస్తుంది, దూరానికి తక్కువ పోతుంది, మిగిలింది పైకి లేచి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. నడిపేవాడికి ముందు అంతా తెల్లగా కనిపించి "అదిరింది" అనిపిస్తుంది. అసలు దెబ్బ అక్కడే. దగ్గర్లో వెలుగు ఎక్కువైతే కంటిపాప చిన్నదై, దూరంగా చీకట్లో ఉన్న రాయి ఇంకా కనపడదు.

నాన్న కంప్లయింటే ఎదుటి లైట్ల గురించి. అదే లైటు మనం కూడా కొని ఇంకొకరి నాన్న కళ్లలో కొట్టడం నాకు మింగుడు పడలేదు. పైగా ఆ ఇంకొకరు కళ్లు చీకట్లై వచ్చేది మన బండి వైపే.

ఏసీ బండికి ఇంకో సమస్య. లోపల రెక్టిఫైయర్ లేని ఎల్ఈడీ అయితే ఐడిల్‌లో టకటకా మిణుకుతుంది. ఫోన్‌లో 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్ వీడియో తీస్తే కంటికి తెలీని ఫ్లికర్ కూడా దొరికిపోతుంది.

చట్టం సంగతి కూడా ఉంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు, జైలు మాట కూడా అందులో ఉంది. జర్మనీలో 2020 నుంచి కొన్ని బ్రాండెడ్ ఎల్ఈడీ రెట్రోఫిట్ బల్బులకి రోడ్డు అనుమతి ఇచ్చారు. అదీ ఏ మోడల్ హెడ్‌లైట్‌లో పెట్టి టెస్ట్ పాస్ చేశారో ఆ మోడల్‌కే. హీరో కూడా 2024లో స్ప్లెండర్ ప్లస్ ఎక్స్‌టెక్ 2.0కి ఎల్ఈడీ ఇచ్చినప్పుడు పాత డూమ్‌లో కొత్త బల్బు పెట్టలేదు, హెడ్‌ల్యాంప్ మొత్తం కొత్తగా డిజైన్ చేసింది.

పొగమంచులో పసుపు లైటే బెటర్ అన్న మాట గురించి ఒక ముక్క. పొగమంచు బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి, కాబట్టి రంగుని బట్టి చెదరడంలో పెద్ద తేడా ఉండదు. తేడా తెచ్చేది బీమ్ పైకి లేవకుండా ఉండటం. నీలం కలిసిన తెల్ల లైటు ఎదుటివాళ్ల కళ్లని ఎక్కువ ఇబ్బంది పెడుతుందన్నది మాత్రం నిజమే.

ఫోన్‌తో కొలవండి, కళ్లని నమ్మొద్దు

యూట్యూబ్‌లో "బిఫోర్, ఆఫ్టర్" వీడియోలు చూసి బల్బు కొనకండి. కెమెరా ఆటో ఎక్స్‌పోజర్‌లో ఉంటే చీకటి సీన్‌ని అదే వెలిగిస్తుంది, వెలుగు సీన్‌ని అదే తగ్గిస్తుంది. మీరే తీసుకోండి: ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 400, షటర్ 1/4 సెకను, వైట్ బ్యాలెన్స్ 5000 కెల్విన్, ఫోకస్ మాన్యువల్, ఫోన్ ట్రైపాడ్ మీద. పాతదానికీ కొత్తదానికీ ఇవే సెట్టింగ్స్ ఉంటేనే పోలిక.

ఇంకా మంచి పద్ధతి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండే లైట్ సెన్సర్. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఫ్రీగా దొరుకుతుంది, అందులో లైట్ అని ఒక ఎక్స్‌పెరిమెంట్ ఉంది. రాత్రిపూట, బండి నుంచి ఐదు మీటర్ల దూరంలో, బీమ్ బాగా పడే చోట ఫోన్ స్క్రీన్‌ని లైటు వైపు తిప్పి నిలబెట్టండి. ఫోన్ చూపే లక్స్ నంబరు కచ్చితమైనది కాకపోవచ్చు, కానీ నిష్పత్తి బాగానే పట్టుకుంటుంది. మా బండి మీద స్విచ్, ఎర్త్ రిపేరు తర్వాత రీడింగ్ 1.5 రెట్లు అయింది, లెక్కలో వచ్చిన 1.57కి దగ్గరే. కొత్త డూమ్, కొత్త బల్బు కలిపాక మొదటి రీడింగ్‌తో పోలిస్తే 2.6 రెట్లు. దూరం లెక్కలో చూస్తే చూపు 1.6 రెట్లు పెరిగినట్టు. 35 వాట్ల మామూలు బల్బుతోనే.

ఈ దూరం ఎందుకు ముఖ్యమో చూడండి. 60 కి.మీ. స్పీడులో సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం. రాయిని చూసి బ్రేక్ మీద కాలు పడేసరికి ఒకటిన్నర సెకను అనుకుందాం, 25 మీటర్లు అక్కడే అయిపోయాయి. పొడి రోడ్డు మీద ఓ మోస్తరుగా బ్రేక్ వేస్తే ఇంకో 28. మొత్తం 53 మీటర్లు. 50లో వెళ్తే 40 మీటర్లు, 40లో వెళ్తే 29. ఏ బల్బు వేసినా ఈ లెక్క మారదు. నాన్నకి ఈ మూడు నంబర్లు కాగితం మీద రాసి చూపిస్తే, ఆయన 40 అన్న చోట వేలు పెట్టి "నేనెప్పుడూ ఇంతకంటే పోనురా" అన్నారు. అమ్మ వంటింట్లోంచి నవ్వింది.

ఏమింగ్, ఎవరూ చేయని పని

డూమ్ మార్చాక కోణం సెట్ చేయకపోతే చేసిందంతా వృథా. చదునైన నేల మీద, గోడకి ఐదు మీటర్ల దూరంలో బండి నిలబెట్టండి. స్టాండ్ మీద కాదు, రోజూ నడిపే మనిషి మీద కూర్చోవాలి. హెడ్‌లైట్ మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద అంత ఎత్తులో గీత గీయండి. లో బీమ్ వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకి 7, 8 సెంటీమీటర్లు కిందగా ఉండాలి. లైటు 90 సెం.మీ. ఎత్తులో ఉంటే ఆ వాలుకి అంచు దాదాపు 60 మీటర్ల దూరంలో రోడ్డుని తాకుతుంది. డూమ్ దగ్గరుండే బోల్టు లూజ్ చేసి పైకీ కిందకీ సర్దుకోవచ్చు.

నాన్న నెలకి రెండుమూడుసార్లు వెనక 45 కిలోల యూరియా బస్తా వేసుకొస్తారు. వెనక బరువు పడితే ముందు లైటు ఆకాశం చూస్తుంది. స్ప్లెండర్ ప్లస్ వెనక షాక్ అబ్జార్బర్లకి ఐదు స్టెప్పుల అడ్జస్ట్‌మెంట్ ఉంది. బస్తా వేసిన రోజు రెండు స్టెప్పులు పెంచితే బీమ్ మళ్లీ కిందికి వస్తుంది. ఆ స్పానర్ ఇప్పుడు షాపులో గల్లాపెట్టె పక్కన ఉంటోంది.

బండి అయ్యాక ఇంకో రెండు చూశా. ఒకటి హెల్మెట్ వైజర్. రోజూ చొక్కా కొంగుతో తుడిచి తుడిచి సన్న గీతలు పడ్డాయి, ఎదుటి లైటు పడగానే అదంతా తెల్లగా వెలిగిపోతోంది. కొత్తది వేయించా. రెండోది కళ్లు. లైట్ల చుట్టూ వలయాలు, గీతలు కనిపిస్తున్నాయంటే అది శుక్లం మొదలవడం కూడా కావచ్చు, వయసుతో పాటు వెలుగు పడ్డాక కళ్లు తేరుకునే టైమ్ కూడా పెరుగుతుంది. నాన్నకి యాభై ఆరు. కంటి డాక్టర్ అద్దాల పవర్ మార్చి, శుక్లం ఇప్పుడే లేదు, ఏడాదికోసారి చూపించుకోమన్నారు. ఇప్పుడు ట్రాక్టర్ ఎదురొచ్చినా కాలవ అంచు రాళ్లు కనిపిస్తున్నాయట. బస్తా వేసిన రోజు మాత్రం ఇంకా ఫోన్ చేసి ఎన్ని స్టెప్పులో అడుగుతారు.

డీసీ బండి ఉన్నవాళ్లకి

మీది బుల్లెట్ లాంటి డీసీ బండి, హెచ్4 బల్బు అయితే మీకో అడ్వాంటేజ్ ఉంది: రిలే. పాత వైరింగ్‌లో హెడ్‌లైట్ కరెంటు, 5 ఆంపియర్ల దాకా, హ్యాండిల్ స్విచ్ గుండా తిరిగి వస్తుంది. రిలే కిట్ వేస్తే స్విచ్ నుంచి చిన్న సిగ్నల్ కరెంటు మాత్రమే పోతుంది, బల్బుకి బ్యాటరీ నుంచి లావు వైర్‌తో నేరుగా కరెంటు వస్తుంది. ముందు పైన చెప్పినట్టు బల్బు వెలుగుతుండగా వోల్టేజ్ కొలవండి. ఇంజిన్ రన్నింగ్‌లో బ్యాటరీ టెర్మినల్ దగ్గరకీ బల్బు దగ్గరకీ తేడా అర వోల్టు లోపే ఉంటే రిలే డబ్బులు దండగ. ఒక వోల్టు దాటితే పెట్టించుకోండి. రిలే కిట్ కొనేటప్పుడు ఒక్కటే చూడండి, బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరే వైర్‌కి ఫ్యూజ్ ఉందా, ఆ ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరం లోపలే ఉందా అని. ఫ్యూజ్ డూమ్ దగ్గర పెట్టి ఇచ్చే కిట్లు ఉన్నాయి. వైర్ మధ్యలో ఎక్కడైనా ఒరుసుకుని ఫ్రేమ్‌కి తగిలితే, ఆ ఫ్యూజ్‌కి సంబంధం లేకుండా ట్యాంకు కింద ఉన్న వైరింగంతా కాలిపోతుంది.